సాక్ష్యం చెప్పిన నోరు

గంజి అడుగంటకుండా ఎనెలెసి పొడవాటి చెక్క తెడ్డును రెండు చేతులా పట్టుకుని తిప్పుతోంది. మొక్కజొన్న పిండి ఉడికి బుడగ పగిలినప్పుడల్లా ఆవిరి ముఖానికి కొడుతోంది. మోచేతుల దాకా చిన్న చిన్న కాలిన మచ్చలు. మిషన్ బడి ఆడపిల్లలకు పొద్దున గంజి, తర్వాత రెండు పూటలా అదే పిండిని గట్టిగా కెలికి న్సిమా ముద్ద వండిపెట్టడం ఆమె పని. పిల్లలు వరసలో వచ్చి గిన్నెలు చాపుతారు. గరిటెను చూస్తారు, గరిటె పట్టుకున్న మనిషిని చూడరు.

ఈ ఉదయం తెడ్డు చేతి నుంచి జారింది. చెవుల్లో రోకలిపోటు. ఎడమ కంటి ముందు నల్లటి చుక్కలు. పొయ్యి గట్టును పట్టుకుని, అవి తగ్గేదాకా ఆగి, మళ్లీ తిప్పింది.

రక్తపోటు ఆమెకు కొత్త కాదు. వానలకు ముందు ఉపవాస ప్రార్థనల్లో పాస్టరుగారు తల మీద చేయి పెట్టాక తలనొప్పి ఇట్టే పోయింది. ఆ ఆదివారమే ఆమె చర్చిలో లేచి నిలబడి, దేవుడు తన రోగం తీసేశాడనీ, మాత్రలు మరుగుదొడ్డి గుంటలో పారేశాననీ సాక్ష్యం చెప్పింది. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. ఆడవాళ్లు నాలుకలాడిస్తూ జయధ్వని చేశారు. ఆమె కోసం ఎవరూ అంతకు ముందు అలా చేయలేదు. భర్త ఆమెను ఏ వేడుకా లేకుండా ఇంటికి తెచ్చుకున్నాడు, అంతే నిశ్శబ్దంగా పోయాడు. పిల్లలు లేరు.

కొన్నాళ్లకే నొప్పి తిరిగొచ్చింది. ఆమె పాస్టరుగారి దగ్గరికి వెళ్లి, వేరెవరి సంగతో అన్నట్టు అడిగింది. ఒళ్లు దేవుడిచ్చింది, దాన్ని చూసుకోవడమూ ఆరాధనే, మందు కూడా ఆయనదే అన్నారాయన. ఆమె తలూపింది. కానీ ఆ మాట తానొక్కతే విన్నది. తన సాక్ష్యం ఊరంతా విన్నది. ఇప్పుడు మాత్ర మింగితే తాను అబద్ధాలకోరు కావడం అటుంచి, దేవుణ్ణే అబద్ధాలకోరును చేసినట్టవుతుంది.

మిషన్ ఆసుపత్రిలో మందులిచ్చే నర్సు చర్చి పాటల బృందంలో పాడుతుంది. అందుకని మధ్యాహ్నం అంట్లు తోమి, రాత్రి వంట తోటి మనిషికి అప్పగించి, అవతలి ఒడ్డు సంతలో ఎండు చేపలు కొనాలని చెప్పి, ఎనెలెసి అద్దె సైకిలు వెనక కూర్చుని షిరె నది దాటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లింది. సైకిలు తొక్కే అతను దారి పొడవునా మాట కలపాలని చూశాడు.

ఆసుపత్రి వరండాలో బల్ల చివర ఒక లావుపాటి ఆవిడ తలగుడ్డ కళ్ల దాకా దించుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. పక్కన కూర్చున్నాక గానీ ఎనెలెసి ఆ దగ్గును గుర్తుపట్టలేదు. చర్చి స్త్రీల సమాజం పెద్ద, మాయి కవింగా. చక్కెర జబ్బు నయమైందని నిరుడు ఈస్టరుకు సాక్ష్యం చెప్పిన మనిషి.

“చేపలకొచ్చావా?” అంది మాయి కవింగా, గోడ వైపు నుంచి తిరక్కుండానే.

“అవునమ్మా. మీరు?”

“నేనూ చేపలకే. నిరుటి నుంచీ నెలనెలా చేపలకే వస్తున్నా. మా ఇంటాయన, ఇన్ని చేపలు ఏ పిల్లి తింటోందే అంటాడు.”

ఎనెలెసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. చర్చిలో ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి, ఇప్పుడు ఆమె భుజానికి భుజం ఆనించి నవ్వుతోంది.

“మరి దేవుడికేం చెప్తారమ్మా?” నవ్వు ఆగాక అడిగింది ఎనెలెసి.

“ఆయనకి తెలీందేముంది? తెలీంది మన సమాజం వాళ్లకే.” ఆవిడ గొంతు తగ్గించింది. “నాకూ భయమేనే. మింగే ముందు ప్రతిసారీ అడుగుతా, కోప్పడకు తండ్రీ అని. ఇంతదాకా కోప్పళ్లేదు.”

ఇక్కడి నర్సు వచ్చి ఎనెలెసి చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి గాలి కొట్టింది. అంకె చూసి మళ్లీ కొట్టింది. ఇంత పెట్టుకుని ఎలా తిరుగుతున్నావని మందలించి, డాక్టరు వచ్చేదాకా కదలొద్దంది. ఒక మాత్ర అరచేతిలో పెట్టి వెంటనే మింగమంది. మాయి కవింగా లేచి వెళ్లి కుండలోంచి రేకు గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చింది.

ఎనెలెసి గ్లాసును పక్కన బల్ల మీద పెట్టింది. “నేనూ అడుగుతానమ్మా.”

“అడుగు. తొందరేం లేదు.”

మాత్ర ఉన్న పిడికిలిని ఒడిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని తల వంచింది. పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత తల మెల్లగా గోడకు ఆనింది. ప్రార్థనలో ఉన్న మనిషిని ఎవరు కదిలిస్తారు? పక్కవాళ్లు గొంతులు తగ్గించారు. ఒక తల్లి ఏడుస్తున్న బిడ్డను అవతలికి తీసుకుపోయింది. నర్సు మళ్లీ వస్తే మాయి కవింగా ఆగమని సైగ చేసింది. అన్నీ ఇప్పుడే చెప్పుకుంటోంది కాబోలు, పాపం, చెప్పుకోవడానికి ఎవరున్నారని అనుకుంది. తానూ కళ్లు మూసుకుని ఆమె ఆమెన్ కోసం ఎదురుచూసింది.

ఎండ వరండా మెట్లు దిగిపోయింది. చివరికి మాయి కవింగానే ఆమె బదులు ఆమెన్ అని, చేయి తాకింది. అది చల్లబడి ఉంది.

ఎనెలెసిని లోపలికి మోసుకుపోయాక, నర్సు బయటికి వచ్చి ఆమె నీకేమవుతుందని అడిగింది. వరసలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. మాయి కవింగా తలగుడ్డను కళ్ల మీంచి పైకి తోసుకుంది.

“మా చర్చి మనిషి. ఇద్దరం మందులకొచ్చాం.”

బల్ల మీద రేకు గ్లాసు అంచుదాకా నీళ్లతో అలాగే ఉంది. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని జరపకుండా, కాస్త చోటు వదిలి కూర్చున్నారు.