పాసులో తల్లి

రైల్వేలో ఫిట్టరు నూకరాజుకు వచ్చిన ఇంగ్లీషంతా ఒక్క మాట, పాస్. పెద్దాడు నాలుగో క్లాసు పాస్. సాయంత్రం పేకాట టైంపాస్. అన్నం దగ్గర ఉప్పు పాస్ చెయ్యాలి. ఆస్పత్రిలో ఒంటికి వెళ్లడం కూడా పాసేనని తెలిశాక ఆ మాట మీద గౌరవం రెట్టింపైంది. అన్నిటికన్నా ప్రాణం మాత్రం రైలు పాసు. భార్యాపిల్లల్నీ, విధవరాలైన తల్లినీ ఊరికే రైలెక్కించే కాగితమది.

అందులో అత్తగారికి చోటు లేదు. కూతురి మూడో పురిటికని రాయపూర్‌లోని గుఢియారీ వచ్చిన అప్పలనరసమ్మను తిరిగి బొబ్బిలిలో దింపాలి. టికెట్ కొనడానికి నూకరాజుకు చెయ్యి రాలేదు. కన్నతల్లి పోయి ఆరేళ్లయినా ఆఫీసులో చెప్పలేదు కనుక, ఆవిడ పేరుతోనే అత్తను తీసుకెళ్తానన్నాడు. దొరికితే ఉద్యోగం ఊడుతుందని భార్య మొత్తుకున్నా వినలేదు.

చిక్కల్లా అత్తగారి మర్యాదతోనే. అల్లుడు కనబడితే చాలు, లేచి నిలబడి కొంగు తలమీదికి లాక్కుంటుంది. తల్లిలా కూర్చునే ఉండమని రెండు రోజులు తాలీము ఇచ్చాడు. ఒరే అని పిలవమంటే ఆవిడ నాలుక కరుచుకుని వంటింట్లోకి పారిపోయింది.

రాయపూర్ స్టేషన్‌లో బండి కదలకముందే టీసీ ఎక్కాడు. పార్వతీపురం మనిషి. మరచెంబుతో నీళ్లు పట్టుకుని నూకరాజు పెట్టెలోకి వచ్చేసరికి, అప్పలనరసమ్మ దిగ్గున లేచి కొంగు కప్పుకుంది. టీసీ పాసు చూశాడు, ఆవిణ్ని చూశాడు.

"కొడుకుని సూసి లెగిసే తల్లిని మా పక్క నానెప్పుడూ సూళ్లేదు," అన్నాడు.

నూకరాజు బిగించిన మరచెంబు మూతనే మళ్లీ బిగించాడు. పన్నెండేళ్ల ఉద్యోగం, ముగ్గురు పిల్లలు.

అప్పలనరసమ్మ కొంగు తీసి నడుముకు దోపింది. "తన్నడానికి లెగిసినాను బాబూ," అని టీసీకి చెప్పి, "ఒరే సన్నాసీ," అంటూ అల్లుడి మీదికి తిరిగింది. పెళ్లాం నొప్పులు పడుతుంటే పేకాటకు పోయాడనీ, నూనె సీసా పెట్టెలో పెట్టి తాళం వేస్తాడనీ, తాగిన మూతితో పసిగుడ్డును ముద్దాడతాడనీ పెట్టెడు మందీ వినేలా ఏకరువు పెట్టింది. భాష తెలియని ఎదుటి సీటు ముసలమ్మ కూడా తలూపింది. ఇంత కడుపుమంట కన్నతల్లికి కాక ఎవరికుంటుందని టీసీ పాసు తిరిగిచ్చి దిగిపోయాడు.

బండి కదిలాక నూకరాజు చెమట తుడుచుకున్నాడు. ఏసం బాగా కట్టావని అత్తగారిని మెచ్చుకున్నాడు.

ఆవిడ మళ్లీ తలమీద కొంగు సర్దుకుని, ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఏసం తల్లిది బాబూ. తిట్లు నాయే."