అనంతయ్య షెడ్డు గేటు ముందు

తొండుపల్లి షెడ్డులో రేకులు కొట్టే ప్రెస్సు మిషన్ భాగ్యమ్మ కుడిచేతి నాలుగు వేళ్లను తెంచేసింది. 2014 మార్చి, పట్టపగలు. చేతికి అడ్డుగా ఉండాల్సిన ఇనుప జాలీని నెల కిందటే తీయించారు. అదుంటే పని నెమ్మదిస్తుందట. తీయించింది యజమాని అనంతయ్య.

ఆయన మాకు పరాయివాడు కాదు. బడి ముఖం చూడలేదు, పక్కన కూర్చుని చూసి చూసి వెల్డింగ్ నేర్చుకున్నాడు. విమానాశ్రయం కట్టే రోజుల్లో ఒక కూలీ పైనుంచి పడి చచ్చిపోతే, శవాన్ని రోడ్డు మీద పెట్టి కాంట్రాక్టర్ మెడలు వంచింది ఆయనే. అందుకే యూనియన్ అధ్యక్షుణ్ణి చేసుకున్నాం. షెడ్డు పెడితే మనవాడి షెడ్డనుకుని పనిలో చేరాం. ఇప్పుడు ఎన్నికల్లో కార్మికుల అభ్యర్థి.

మరునాడు దవాఖానకు పండ్లు, ఒక కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఇంటికాడ గడ్డి కోసే మిషన్ల చెయ్యి పడ్డదని రాయించిన. ఏలిముద్ర పెట్టు చెల్లె. ఎలక్షన్లయినంక నిన్ను నేను సూసుకుంట."

"మాకు బర్లు యాడివన్నా? భూమి ఎయిర్‌పోర్టుల పోయినప్పుడే అమ్ముకుంటిమి," అంది భాగ్యమ్మ.

తోడుగా కూర్చున్న శివమ్మ, అదే మిషన్ మీద పనిచేసే మనిషి, ఆ కాగితాన్ని లాక్కుంది.

తెల్లారి నలభై మందిమీ గేటు బయటే కూర్చున్నాం. మాలో పాండు నసిగాడు. "ఎంతైనా మనోడు. మనమే ఓడగొడితే ఎట్ల?"

"మనోడైతే జాలీ ఎందుకు తీయించిండు? రేపు నీ చెయ్యి పోతది. అప్పుడు గూడ మనోడే అంటవా?" అంది శివమ్మ.

పాండు వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

అనంతయ్య జీపు దిగాడు. "నేను గూడ కూలోన్నే. నా చేతులు సూడుండ్రి, ఎన్ని కాలిన మచ్చలో."

"నీకు చేతులున్నయి, సూపిస్తున్నవు," అని శివమ్మ ఆ కాగితాన్ని అందరికీ వినబడేలా చదివింది.

గంటలో పోలీసు వ్యాన్ వచ్చింది. పిలిచింది ఆయనే. శివమ్మనూ పాండునూ ఈడ్చి ఎక్కించారు. పక్క షెడ్ల వాళ్లు మిషన్లు ఆపి బయటికొచ్చారు. వ్యాన్ వెనకే అందరం రోడ్డు పట్టుకుని నడిచాం. శంషాబాద్ స్టేషన్ చేరేసరికి రెండు వందల మందిమి. దాని ముందే నేల మీద కూర్చున్నాం.

ఎస్సై బయటికి వచ్చాడు. "మీ నాయకుణ్ణి లోపలికి పంపండి, మాట్లాడదాం."

ఎవరం కదల్లేదు. మాలో ముసలి కుర్మయ్య లేచి నిలబడ్డాడు.

"నాయకుణ్ణి పొద్దుగాలనే తీసేసినం సారూ. ఏం మాట్లాడినా గీడనే, అందరి ముంగట మాట్లాడుండ్రి."