మేస్త్రి చేతులకు సెలవు

మేస్త్రి పది వేళ్ళూ ఒక్కొక్కటిగా వేలిముద్రల మిషన్ అద్దం మీద పెట్టాడు. మిషన్ ఒక్కదాని ముద్రనూ ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి సిమెంటులో, బండల మీద అరిగి ఆ వేళ్ళు గులకరాళ్ళలా నున్నబడ్డాయి.

"కొన్నాళ్ళు పని మానేసి, చేతులకు నూనె రాసుకుని రండి," అంది కౌంటర్ అమ్మాయి. "మీ కార్డు వస్తేనే మీ ఆవిడకూ వస్తుంది. అద్దె కాగితం మీద ఇంటి ఓనరు సంతకం మరిచిపోకండి. నెలాఖరుకి మీ గడువు అయిపోతుంది."

పరాయి దేశంలో ఉండనిచ్చే ఆ కార్డు లేకపోతే పెట్టె సర్దుకోవడమే. మేస్త్రి భార్యకేమో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో అప్పుడప్పుడే కంఠతా వచ్చింది. అదంతా వదిలి పోవడం ఆవిడ వల్ల కాదు.

దాంతో ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. మేస్త్రి గ్లాసు కడగకూడదు, గడియ వెయ్యకూడదు. చేతులకు నూనె, పైన పాత మేజోళ్ళు.

"ఏరా, పెళ్ళికొడుకులా కూర్చున్నావు, పల్లకీ తెమ్మంటావా?" అన్నాడు చూడవచ్చిన తోటి మేస్త్రి.

"నవ్వరా నవ్వు. ముక్కు దురద పెట్టినా మా ఆవిణ్ణే పిలవాలి."

అంతా సవ్యంగానే ఉంది గానీ, ఓనరమ్మ సంతకం దగ్గర మెలిక పెట్టింది. "స్నానాలగదిలో నీళ్ళు నిలబడుతున్నాయి. నువ్వు మేస్త్రివేగా? బండలు సరిచెయ్యి, సంతకం పెడతాను."

మేస్త్రి మేజోళ్ళు లాగబోయాడు. భార్య గుడ్లురిమింది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను! మీరు చెప్పండి, నేను వేస్తాను."

"బండ వెయ్యడమంటే పక్క వెయ్యడమనుకున్నావా?"

"చెప్పడం చేతకాకపోతే అలా అనండి."

మేస్త్రి గుమ్మంలో స్టూలు వేసుకున్నాడు. ఆవిడ కొంగు దోపి లోపల కూర్చుంది.

"తాపీ అలా పట్టుకుంటారటే, గరిటనుకున్నావా?"

"ఆ గరిటె వల్లే ఇన్నాళ్ళూ బతికారు. వాలు ఎంత పెట్టాలి?"

"చెంబుడు నీళ్ళు పోస్తే వెనక్కి చూడకుండా తూములోకి పోవాలి. సందుల్లో సిమెంటు వేలితోనే నొక్కు. మేమంతా అలాగే నొక్కుతాం."

ఆవిడ నొక్కింది. సాయంత్రం దాకా నొక్కుతూనే ఉంది. మర్నాడు నీళ్ళు పోస్తే బుద్ధిగా తూములోకి పోయాయి. బాగుంది అనడం మేస్త్రికి అలవాటు లేదు.

"ఆ మూల బండ గోరంత ఎత్తుంది," అన్నాడు.

అది మెచ్చుకోలని ఆవిడకు తెలుసు. ఓనరమ్మ సంతకం పెట్టింది.

రెండు రోజులకు ఆఫీసులో మేస్త్రి వేలు పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. పదికి పదీ పాసు.

"ఇక మీరమ్మా," అంది కౌంటర్ అమ్మాయి.

ఆవిడ వేలు పెట్టింది. ఎర్ర దీపం. పమిటతో తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే. కౌంటర్ అమ్మాయి ఆవిడ చెయ్యి తిప్పి చూసింది. సిమెంటు తిన్న చర్మం పొరలుగా లేచింది.

"మీరూ తాపీ పనేనా?"

"మొన్ననే చేరానమ్మా. ఈయన దగ్గరే."

ఆ అమ్మాయి నవ్వాపుకోలేకపోయింది. "మీవారి పని అయిపోయింది కాబట్టి మీకు గడువు పొడిగిస్తాను. చేతులకు..."

"నూనె రాసుకుని రావాలి. తెలుసు."

మేస్త్రి జేబులోంచి మేజోళ్ళు తీసి, అందరి ముందే భార్య చేతులకు తొడిగాడు.

"మరి వంటో?" అందావిడ.

"నేను లేనూ?"

"గరిటె ఎలా పట్టుకుంటారో తెలుసా అసలు?"

"గుమ్మంలో స్టూలు వేసుకుని చెప్పు," అన్నాడు మేస్త్రి.