సగం దాకా నార

ట్రక్కు వాగు మధ్యలో ఆగిపోయిన పది నిమిషాలకే నీళ్ళు బానెట్ ఎక్కాయి. నేను, నా భార్య రోస్లిన్, రెండు నెలల పాప, మా అత్తగారు, కుక్క డీజిల్ ఎలాగో గట్టెక్కాం. తూర్పున మబ్బు నల్లగా లేచి మా మీదికే వస్తోంది.

పాపకి నిమోనియా తగ్గి ఆ ఉదయమే ఆసుపత్రి నుంచి పంపారు. "తడవనివ్వొద్దు, ఇంకోసారి వస్తే తట్టుకోలేదు" అని నర్సు రెండుసార్లు చెప్పింది.

"టార్పాలిన్ ఏది?" అంది రోస్లిన్.

తను ట్రక్కులో వేసిన టార్పాలిన్‌ని దించేసింది నేనే. "ఈ బెరడు గుడిసె వెస్లీ నీ పక్కనుంటే టార్పాలిన్ దేనికే?" అన్నాను. ఏటా ఎండాకాలం క్యాంపుకొచ్చే టూరిస్టులకి పావుగంటలో గుడిసె కట్టి చూపిస్తాను. మా తాత నేర్పాడని చెబుతాను. తాత ఏమీ నేర్పలేదు. చదును చేసిన బెరడు రేకులు క్యాంపు షెడ్డు వెనక పేర్చి ఉంటాయి. వాటిని కర్రల మీద వాల్చడమే నా పని.

"అరగంట చాలు" అని ట్రక్కులోంచి తెచ్చుకున్న గొడ్డలి అందుకున్నాను.

అత్తగారు దూరంగా, మాకు వీపు పెట్టి ఇసుకలో కూర్చుంది. మా ఆచారంలో అల్లుడూ అత్తా మొహాలు చూసుకోకూడదు, మాట్లాడుకోకూడదు. ఏ మాటైనా మధ్యలో రోస్లినే మోయాలి.

గరుకు బెరడున్న మొదటి చెట్టుకే గాట్లు పెట్టాను. కింద ఒకటి, చేయి అందినంత ఎత్తున ఒకటి, నిలువుగా ఒకటి. కర్ర మొన దూర్చి పెకలిస్తే బెరడు పొడిపొడిగా రాలింది. ఇంకో చెట్టు. అదీ అంతే. ఉరిమింది.

రోస్లిన్ వచ్చింది. "ఏమయ్యా, తలెత్తి పైకి చూడమంటోంది అమ్మ. గొడ్డలి చప్పుడుకే తెలిసిపోయిందట."

చూశాను. నా తలకి కాస్త పైదాకే నారలాంటి గరుకు బెరడు. ఆపైన కొస వరకూ తెల్లటి నునుపు. నేను నరికింది గుడిసెకి పనికిరాని ఉన్ని చెట్టు. అసలైన నార చెట్టుకి కొస దాకా నారే ఉంటుంది. మా దగ్గర అయిదేళ్ళ పిల్లకి కూడా తెలిసిన తేడా.

"మీ తాత నేర్పాడన్నావు. మావాళ్ళు పిల్లనిచ్చింది ఆ మాట మీదే. నేర్పాడా, లేదా?"

"లేదు."

"ఇంక మీ ఇద్దరి మాటలు నేను మోయను. సిగ్గుతో చచ్చిపోతున్నాను." పాపని చొక్కాలో కప్పుకుని కూర్చుండిపోయింది.

గాలి లేచింది. పాప దగ్గింది. దారి చెప్పగల మనిషి ఇరవై అడుగుల దూరంలో ఉంది. అడగడానికి నాకు నోరు లేదు.

"ఒరేయ్ డీజిల్!" అత్తగారి గొంతు. "నువ్వన్నా విను. వాగు వంపు దాటితే నార చెట్లున్నాయి. గొడ్డలి వెనక వైపుతో చుట్టూ తట్టి, బెరడు కదిలాకే ఒలవాలి."

కుక్క చెవులు గోక్కుంటోంది. నేను పరుగెత్తాను.

ఈసారి బెరడు తడి చప్పుడుతో నిలువునా ఊడొచ్చింది. రెండు రేకులు మోసుకొచ్చి వంచబోయాను.

"డీజిల్, పచ్చిది వంచితే పగులుతుందిరా వెధవా! నిప్పు మీద కాల్చాలి. ఆరేళ్ళుగా ఏటా పన్నెండు రేకులు కాల్చి, చదును చేసి, ఆ షెడ్డు వెనక పెడుతున్నాను. ఎవరు పెడుతున్నారని ఒక్కరన్నా అడిగారా?"

నా చెవులు వేడెక్కాయి. ఆమె అప్పటికే మంట వేసి, నేను రావడానికి వీలుగా లేచి అవతలికి వెళ్ళింది. నేను రేకు కాల్చి పక్కకి తప్పుకుంటే ఆమె వచ్చి తొక్కి చదును చేసింది. ఒకరం వచ్చేసరికి ఇంకొకరం వీపు తిప్పుకుని, రెండు పంగల కర్రలు పాతాం. అడ్డ కర్ర మీద రేకులు వంచాం. చివరి రేకు పడేసరికి చినుకు మొదలైంది.

ఆడవాళ్ళు లోపలికి దూరారు. నేను గుడిసె వెనక, వానలో, కుక్క పక్కన కూర్చున్నాను. గంటసేపు కుండపోత. దగ్గు వినిపిస్తుందేమోనని చెవి బెరడుకి ఆనించాను. పాప పాలు తాగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

వాన ఆగాక అడవి కాపలా రేంజర్ల బండి వచ్చింది. మా పెదనాన్న కొడుకు డెస్మండ్ దిగి గుడిసెలోకి తొంగి చూశాడు.

"ఓరి తమ్ముడూ! పాప ఒంటి మీద చుక్క తడి లేదు! తాత పేరు నిలబెట్టావురా." చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వినిపించే బండి రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అందరూ వినండి, మన బెరడు గుడిసె వెస్లీ..."

రోస్లిన్ తల దించుకుంది. నేను నోరు మూసుకుంటే సరిపోయేది.

"నేను కాదన్నా. కట్టించింది రోస్లిన్ వాళ్ళమ్మ. నాకు తాత ఏమీ నేర్పలేదు. నేను ఉన్ని చెట్టు కొట్టాను."

"ఏ చెట్టు?"

"ఉన్ని చెట్టు. రెండు."

డెస్మండ్ బొటనవేలు ఇంకా రేడియో బటన్ మీదే ఉంది. తీశాడు. తరవాత ఒక్కో ఊరి నుంచీ నవ్వులు. ఎవరో ముసలమ్మ, "ఈసారి గొడ్డలితో పాటు కళ్ళు కూడా తీసుకెళ్ళమను!" అంది. మళ్ళీ నవ్వులు.

రోస్లిన్ పాపని ఎత్తుకుని, నా వంక చూడకుండా, వాళ్ళమ్మ పక్కన ముందు సీటెక్కింది. నేను వెనక తొట్టిలోకి ఎక్కి, మొహం వెనక దారి వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఇల్లు చేరేదాకా ఆ రేడియో ఎవరూ ఆపలేదు.