ముప్ఫై రెండు డాలర్ల ఫస్టు ర్యాంకు

మా కంపెనీలో కొత్త క్లర్కులకు జీతం ఖాయం చేసేది నేనే. మలేషియాలోని సైబర్‌జయలో నాలుగో అంతస్తు, ఏసీ గది, తలుపు మీద భారతి అని నా పేరు. పరీక్ష పెట్టి మార్కుల ప్రకారమే మనుషుల్ని తీసుకుంటామని ఎక్కడికెళ్ళినా గొప్పలు చెప్పుకుంటాను. సిఫార్సు ఉత్తరంతో వచ్చినవాళ్ళని వచ్చిన దారినే పంపించేస్తాను కూడా.

ఈసారి ముగ్గుర్ని తీసుకున్నాం. పరీక్షలో ఫస్టు వచ్చింది సెరీనా, సుంగై పెటాని ఊరి అమ్మాయి. ఇంటర్వ్యూలో తెలుగు పిల్లని తెలియగానే ఇక్కడి మనవాళ్ళందరికీ ఉన్న జబ్బే నాకూ వచ్చింది. "మీది ఏ తోట?" అని అడిగేశాను. తాతలు రబ్బరు తోటలో కూలీలట. తండ్రిది ఫ్యాక్టరీ పని. ఎంత జీతం కావాలన్న గడిలో ఆ పిల్ల పద్దెనిమిది వందల రింగిట్లు అని రాసింది. ఆ పోస్టుకు మేం అనుకున్నది రెండువేల ఐదు వందలు. మిగతా ఇద్దరూ మూడువేలు అడిగి, నాతో బేరమాడి, చివరికి ఆ రెండువేల ఐదు వందలకు దిగారు.

సెరీనా కాగితం మీద నేనిలా రాశాను: "తక్కువలో సర్దుకునే కుటుంబం. అడిగింది చాలు." ఖర్చులు చూసుకునే లోగేశ్వరన్ అది చదివి భేష్ అన్నాడు. శుక్రవారం సంతకం పెట్టాను. సోమవారం ఆ పిల్లకు పంపాలి.

ఆదివారం ఇపో నుంచి మా అమ్మ ఎర్రమ్మ ఫోన్ చేసింది. అక్కడి తెలుగు సంఘం వాళ్ళు హాల్లో మా తాత ఫోటో పెడుతున్నారు. ఆయన పేరు అప్పడు, అమ్మకు కన్నతండ్రి. తోట కూలీ కొడుకై ఉండి, 1938లో దొరల ఆఫీసులో గుమాస్తా పరీక్ష రాసి, ఫస్టు వచ్చి ఉద్యోగం కొట్టినవాడు. చిన్నప్పుడు నాకు తొంభై మార్కులొచ్చినా "మీ తాత ఫస్టు" అని నోరు నొక్కేసేది అమ్మ. సంఘం వాళ్ళు ఎలాగో ఆయన పాత ఫైలు కాపీ సంపాదించారు. అంతా ఇంగ్లీషు. దాన్ని నా ఫోన్‌కు పంపించి చదివి చెప్పమంది.

"ఫస్టు అని రాసుందా, లేదా?"

"ఉందమ్మా. ముగ్గుర్ని తీసుకున్నారు. తాత ఫస్టు. రెండోవాడు రేమండ్."

"రేమండ్ మావ! మా అయ్యతోనే పని సేసినాడు. తర్వాతేటి?"

తర్వాత జీతాలు ఉన్నాయి, అప్పటి మలయా డాలర్లలో. రేమండ్‌కు నెలకు నలభై డాలర్లు. మూడో అతనికీ నలభై. ఫస్టు వచ్చిన మా తాతకు ముప్ఫై రెండు. పక్కన దొర చేతిరాత: "ఎస్టేటు కూలీ కొడుకు. తక్కువలో బతకడం అలవాటే. ఇది చాలు."

అది మనసులోనే రెండుసార్లు చదువుకున్నాను.

"ఏటే, ఆగిపోయినావు?"

ఆ ముక్క వదిలేసి కిందిది చదువుదామనే అనుకున్నాను. డెబ్బై రెండేళ్ళ మనిషి, తండ్రి ఫోటో పెడుతున్నారని వారం నుంచీ సంబరపడిపోతోంది. కానీ అమ్మకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చదివాను.



"అయ్యకి తెలీదు," అంది అమ్మ. "ముప్పై ఏళ్ళు సేసినాడు. ఆ ఉద్యోగానికి అంతే జీతం అనుకున్నాడు. రేమండ్ మావ జీతం రోజున ఒక బిస్కెట్ల డబ్బా, రెండు పాలడబ్బాలు తెచ్చీవోడు. నెల తప్పేది కాదు. అయ్య వొద్దన్నా గడపలో పెట్టీసి ఎల్లిపోయీవోడు. పిల్లల్లేని మనిషి, మనమీద పేమ అనీది మా అమ్మ. ఆయనకి తెలుసునే, అమ్మీ. ఆయనకి తెలుసు."

నాకు ఏడుపు ఆగలేదు. తాత మీద జాలితో కొంత, సిగ్గుతో అంతకంటే ఎక్కువ. దొరని నాలుగు తిడదామని నోరు తెరిస్తే శుక్రవారం నా చేత్తో నేను రాసిన ముక్కలే గుర్తొచ్చాయి.

"ఇది సంఘం వాళ్ళకి చెప్పాలామ్మా?"

"సెప్పకేటి? పోటో కింద ఫస్టనీ రాయమంటాను, ముప్పై రెండనీ రాయమంటాను."

సోమవారం పొద్దున్నే సెరీనా కాగితం చింపి, రెండువేల ఐదు వందలకు కొత్తది రాశాను. దానిమీద తనూ సంతకం పెట్టాల్సిన లోగేశ్వరన్ మొహం మాడ్చుకున్నాడు. "ఆ అమ్మాయే అడగలేదు కదా, నీకెందుకు?" అన్నాడు. పరీక్ష ఒకటే, పని ఒకటే, జీతం కూడా ఒకటే అన్నాను. సంతకం పెడితే ముగ్గురికీ కలిపి పెట్టు, లేకపోతే ఎవరికీ వద్దు అని అతని బల్ల ముందే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గొణుక్కుంటూ పెట్టాడు.

మధ్యాహ్నం సెరీనాకు ఫోన్ చేసి, తనతోపాటు ఇంకో ఇద్దర్ని తీసుకున్నామనీ, తన జీతం రెండువేల ఐదు వందలనీ చెప్పాను.

"మేడమ్, నేను పద్దెనిమిది వందలే రాసినాను," అంది భయంగా. "మీ కాడ తప్పు పడినట్టుంది."

"తప్పు పడింది నిజమే. నేనే చేశాను, దిద్దుకున్నాను. ఆ పోస్టుకు జీతం ఇంత."

 సంతోషంతో ఏడుస్తోందేమో అనుకున్నాను. కాదు, ఆలోచిస్తోంది.

"మిగతా ఇద్దరికీ ఇంతేనా, అక్కా?"

మా తాత ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా అడగని మాట అది. నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

"ఇంతే," అన్నాను. "నా మాట నమ్మకు. వచ్చాక వాళ్ళనే అడుగు."