తూకం చూసి కొన్న కార్డు

కృష్ణమోహన్ కంప్యూటర్ దుకాణంలో హకీం రెండు గ్రాఫిక్స్ కార్డులను చెరో అరచేతిలో పెట్టుకుని తూచాడు. నలభై ఏళ్లుగా మెదక్‌లో రాగి గిన్నెలకు కళాయి పూస్తున్నవాడు. తేలిక గిన్నె తొందరగా చిల్లు పడుతుందని అతని చేతికి తెలుసు.

"చాచా, గవి బగోనాలు కావు తూకం జూస్తందుకు," కృష్ణమోహన్ నవ్వాడు. "ఆ రెండు ఫ్యాన్లది బరువుంటది గని పాతది. మీ వీడియో కొత్త రకంది, దానికి సమజ్ గాదు. గీ చిన్నది తీస్కోండ్రి."

"గిదా? ఉఫ్ అంటే ఎగిరిపోయేటట్టున్నది. గంత పెద్ద టీవీల బొమ్మను గిది గుంజుతదా?"

"గుంజుతది చాచా. నా మాటినుండ్రి."

హకీం వినలేదు. బరువుదే బిగించి ఇమ్మన్నాడు.

వీడియో నౌషీన్‌ది. పోయిన నెల జ్వరంతో దవాఖానాలో చనిపోయింది అతని బిడ్డ. దానికి ముందు రోజు తల్లి కోసం ఫోన్లో మాట్లాడి వీడియో తీసి పెట్టింది. తల్లి షాజహాన్ బీకి చిన్నప్పటి నుంచీ చెవులు వినపడవు. పెదాలు చూసి మాట చదువుతుంది. ఇప్పుడు షుగరు ఆమె కళ్లను తినేస్తోంది. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి మహా అయితే వారమో పది రోజులో అన్నాడు డాక్టరు. ఫోన్లో బొమ్మ ఆమెకు ఆనదు. పెద్ద టీవీలో చూపిద్దామని బొమ్మ నాణ్యం తగ్గిస్తే పెదాలు అలుక్కుపోయాయి. ఉన్నదున్నట్టు పెడితే ఇంట్లో పాత కంప్యూటర్ మొరాయించింది. బిడ్డ జ్వరాన్ని తాను ముందే కనిపెట్టలేదని షాజహాన్ బీ కుమిలిపోతోంది.

"నీ తప్పేం లేదన్నది, షాజహాన్," అని హకీం వందసార్లు చెప్పాడు.

"మీరేదో దాస్తున్నరు. దాని నోరు సూస్తెనే నమ్ముత," అంది ఆమె, వందసార్లు.

నిజమే, దాచాడు. ఒళ్లు కాలుతోందని నౌషీన్ సోమవారమే అతనితో చెప్పింది. పెళ్లి వంటల పెద్ద గిన్నెలకు, దేగులకు కళాయి అయిపోనీ, గురువారం దవాఖానాకు పోదామన్నాడు. ఆ ముక్క కూడా వీడియోలో ఉంది. తన నోటికి రానిది బిడ్డ నోటితో బయటపడాలని అతని ఆరాటం. భార్య కన్ను ఆరేలోపు.

ఇంట్లో బరువు కార్డు రయ్యిమని తిరిగింది. గొంతు ముందు పోయింది. ముఖం ఆగి ఆగి వెనక వచ్చింది.

"దీని నోరు ఒక్కకాడ ఆగుతది, ఇంకోకాడ తేలుతది," షాజహాన్ బీ టీవీకి ముక్కు ఆనించి ఏడ్చింది. "ఏమన్నవు బిడ్డా?"

తెల్లారి హకీం దుకాణానికి ఉరికాడు. తాళం. కృష్ణమోహన్ మామ చనిపోతే కౌడిపల్లి వెళ్లాడట. చిన్న కార్డు ఊళ్లో ఇంకెవరి దగ్గరా దొరకలేదు. మూడు రోజులు హకీం ఆ షట్టరు ముందే కూర్చున్నాడు. నాలుగో రోజు కృష్ణమోహన్ అతన్ని బండి మీద ఎక్కించుకుని ఇంటికొచ్చి చిన్నది బిగించాడు.

"ముందే జెప్తి గద చాచా."

"తర్వాత తిట్టు బేటా. జల్ది కానీ."

వీడియో నడిచింది. ఎక్కడా ఆగలేదు. టీవీ నిండా నౌషీన్ ముఖం, మాట వెంట మాటగా కదిలే పెదాలు. పొడిబారిన చర్మం కూడా కనిపిస్తోంది.

షాజహాన్ బీ తెరకు అంగుళం దూరంలో కూర్చుంది.

"షురూ చేసిన్రా?" అని, కదులుతున్న ఆ పెదాల వైపే ముఖం పెట్టి అడిగింది.

కృష్ణమోహన్ బయటికి వెళ్లి చెప్పులేసుకున్నాడు.

హకీం ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె చేయి పట్టుకుని వేళ్లను తన పెదాల మీద పెట్టుకున్నాడు. వీడియోను మొదటికి తిప్పాడు. నౌషీన్ ఒక మాట అంటే తనూ ఆ మాట అన్నాడు.

"అమ్మీ, నీ తప్పేం లేదు."

తెలిసిందేగా అన్నట్టు ఆమె వేళ్లు జారబోయాయి. అతను గట్టిగా పట్టుకున్నాడు.

"సోమారమే అబ్బాకు చెప్పిన. దేగులు అయిపోనీ అన్నడు."

అబ్బాను ఏమనకు అమ్మీ, అంది తెర మీద నౌషీన్. ఆ మాట మాత్రం హకీం పలకలేదు.

షాజహాన్ బీ వేళ్లు తియ్యలేదు. అవి చల్లబడ్డాయి.

"మళ్ల చెప్పండ్రి," అంది. "సోమారం కాడ్నుంచి."