ఆరు తేనె పెట్టెలు

వెర్నా ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపింది. దాచుకున్న డబ్బుతో అద్దెకిచ్చే ఇల్లొకటి కొనాలని రెండు చూసి పెట్టుకుంది. ఊళ్ళో ఉన్నదానికి ఏడాదికి ఆరువేల డాలర్ల పన్ను. ఊరి బయట ఏడెకరాల మధ్య ఉన్నదానికి రెండువేల లోపే. ధరా, వచ్చే అద్దే రెంటికీ ఇంచుమించు ఒకటే.

"ఏటా నాలుగువేలు మిగులు. ఇంకా ఆలోచిస్తావేంటక్కా?" అన్నాడు తమ్ముడు ఎల్మర్.

"అంత లాభమైతే ఆయనెందుకు వదులుకుంటున్నాడ్రా?"

అమ్మే ఆయన ర్యాఫ్, డెబ్బై దాటిన మనిషి. కంచె పక్కన వరసగా ఉన్న ఆరు తెల్లపెట్టెలు చూపించాడు. "తేనెటీగలమ్మా. ఇవి ఉండబట్టే ఇది సాగుభూమి కింద లెక్క. పన్ను అందుకే తక్కువ."

వెర్నా ఒక పెట్టెకు చెవి ఆనించింది. ఏ చప్పుడూ లేదు.

"చలికాలం కదా, ముడుచుకుని ఉంటాయి" అన్నాడు ర్యాఫ్.

ఆమె అడగనేలేదు. అడగని ప్రశ్నకు జవాబు రావడం ఆమెకు నచ్చలేదు. మర్నాడు పన్నుల ఆఫీసుకు వెళ్ళింది. పెంపకం ఆగి భూమి వాడకం మారితే రాయితీ పోతుందనీ, గడిచిన మూడేళ్ళ తేడా కూడా అప్పుడు ఎవరు యజమానిగా ఉంటే వాళ్ళ నెత్తినే పడుతుందనీ అక్కడి గుమాస్తా చెప్పింది.

ఫిబ్రవరి చివర ఎండ బాగా కాసిన మధ్యాహ్నం, చెప్పకుండా మళ్ళీ వెళ్ళింది. కంచె పొడవునా చెట్లు పూశాయి, ఒక్క ఈగ లేదు. స్క్రూడ్రైవర్‌తో మూత లేపింది. లోపల నల్లబడ్డ తేనెపట్టు, దాని మీద చిమ్మటలు అల్లిన పొర. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఎలుక గూడు.

"మా ఆవిడ చూసుకునేది" అంది వెనకనుంచి ర్యాఫ్ గొంతు. "తను పోయాక అవీ పోయాయి. నాకు చేతకాలేదు."

"మరి ఆవేళ ముడుచుకుని ఉంటాయన్నారు?"

"కొత్తవి తెప్పిద్దామనుకున్నానమ్మా." ఆయన కళ్ళు పెట్టెల మీదే ఉన్నాయి.

వెర్నా మూతలు జాగ్రత్తగా మూసి, సెలవు తీసుకుని వచ్చేసింది. ఆ వారమే ఊళ్ళో ఇంటికి బయానా ఇచ్చింది. ఎల్మర్ నెలరోజులు మాట్లాడలేదు. మరుసటేడు పన్ను ఇంకో మూడువందలు పెరిగిందని తెలిసి మాత్రం, నవ్వడానికి ఫోన్ చేశాడు. నవ్వనిచ్చింది.

ర్యాఫ్ భార్య సంగతి నిజమో కాదో ఊళ్ళో ఎవరినడిగినా చెప్పేవారే. వెర్నా అడగలేదు. నిజమని తేలితే, ఆ మూతలు తెరిచినందుకు తను సిగ్గుపడాల్సి వస్తుంది.